నోస్టాల్జియా నైట్రో ఫన్నీ కార్ క్రూలో కొత్తగా చేరితే రెండు రౌండ్ల మధ్య ఏం పని ఉంటుంది?

అడిగినవారి పరిస్థితి క్లుప్తంగా: ఉండేది కాలిఫోర్నియాలో. మెకానికల్ చదివారు గానీ రేసు కారు మీద ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు. బేకర్స్‌ఫీల్డ్ పక్కన ఫమోసో ట్రాక్‌లో జరిగే మార్చ్ మీట్ అనే డ్రాగ్ రేసుకి ఒక ఫన్నీ కార్ టీమ్ వాళ్లు "వచ్చి సాయం పట్టు" అన్నారట. పిట్‌లో, అంటే రౌండ్ల మధ్య కారును విప్పి బిగించే చోట, పనేమిటి, ఎక్కడ తప్పు జరుగుతుంది అని ప్రశ్న.

డిగ్రీ గురించి అక్కడ ఎవరూ అడగరండీ. విప్పిన స్పార్క్ ప్లగ్గుల్ని సిలిండర్ వరసలో ట్రేలో పెట్టారా, గుప్పెట్లో పట్టుకొచ్చి బల్ల మీద పోశారా, అదొక్కటే చూస్తారు. మొదటి రోజు మీ మీద వచ్చే అభిప్రాయం అక్కడే ఖాయమవుతుంది.

ముందు కారు సంగతి. ఇవి 1970ల నాటి ఫన్నీ కార్ల రూపంలో ఉండే డ్రాగ్ రేసు బండ్లు, రెండేసి పక్కపక్కన నిలబడి తిన్నటి ట్రాక్ మీద పందెం వేసేవి. కాల్చేది నైట్రో, అంటే నైట్రోమీథేన్, కొంచెం మిథనాల్ కలిపి. కింద స్టీలు గొట్టాల ఛాసిస్, ముందు క్రైస్లర్ హెమీ పద్ధతి వి-8, పైన ఒకే ముక్కగా లేచే ఫైబర్‌గ్లాస్ లేదా కార్బన్ బాడీ. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే సంస్థ ఎన్.హెచ్.ఆర్.ఏ. పెట్టే పాతకాలపు కార్ల పోటీలు, హెరిటేజ్ సిరీస్‌లో వీటికి పగ్గాలున్నాయి: 6-71 సైజు బ్లోయర్ (ఇంజన్లోకి గాలి తోసే యంత్రం), ఒకే మాగ్నెటో (ప్లగ్గులకు కరెంటు ఇచ్చేది), నిమిషానికి 21 గ్యాలన్ల ఒకే ఫ్యూయల్ పంపు. నేటి అతి వేగపు నైట్రో కార్లు, టాప్ ఫ్యూయల్ కార్లు, 2008 నుంచి వెయ్యి అడుగులకే పరిగెడుతుంటే, ఇవి ఇప్పటికీ పూర్తి పావు మైలు, అంటే 1,320 అడుగులు వెళ్తాయి. మంచి కారు 5.5 నుంచి 5.8 సెకన్లలో, గంటకు 250 మైళ్లు దాటి గీత దాటుతుంది. జీతాల మీద బతికే క్రూలు కావు ఇవి. ఐదారుగురు, మహా అయితే ఎనిమిది మంది, సోమవారం పొద్దున్నే ఎవరి ఉద్యోగానికి వాళ్లు వెళ్లేవాళ్లు. అందుకే కొత్త మనిషికీ మొదటి రోజే నిజమైన పని దొరుకుతుంది.

పని పిట్‌లో మొదలవదు, ట్రాక్ చివర్లో మొదలవుతుంది. కారు ఆగాక డ్రైవరు బయటికి వస్తుండగానే ఒకరు మంటేమైనా ఉందా అని చూడాలి. మిథనాల్ మంట పగటి వెలుతురులో కంటికి కనపడదు. గాలి అలల్లా వణుకుతుంటే, పెయింటు బుడగలు కడుతుంటే అనుమానించాల్సిందే. మాగ్నెటో స్విచ్ ఆపి ఉందో లేదో చూడాలి, మంటలార్పే సీసాల పిన్నులు తిరిగి దూర్చాలి, పారాషూట్లను మట్టిలో ఈడ్చకుండా సంచిలోకి ఎత్తుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఏ కారణం చేతనూ ఇంజన్ తిప్పకూడదు. పరుగు మధ్యలో ఒక ప్లగ్గు చచ్చిపోతే ఆ సిలిండర్లోకి వచ్చిన ఇంధనం కాలకుండా ద్రవంగానే పోగవుతుంది. ద్రవాన్ని పిస్టన్ నొక్కలేదు. ఆ స్థితిలో స్టార్టరుతో తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అదే ఇంజన్ పూర్తి వేగంలో ఉండగా జరిగితే హెడ్డు ఎగిరిపోతుంది, బ్లాకు చీలుతుంది. "హైడ్రాలిక్ అయింది" అని క్రూలో అనేది దీన్నే.

నైట్రో ఎందుకింత మొండిదంటే, ఒక కిలో పెట్రోల్ కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, మిథనాల్‌కు ఆరున్నర. నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలు చాలు, ఎందుకంటే ఆక్సిజన్ దాని అణువులోనే ఉంది. అందుకే అదే గాలికి ఎన్నో రెట్లు ఇంధనం సిలిండర్లోకి కుమ్మరించవచ్చు, కుమ్మరించిందంతా అంటుకోకపోతే నష్టమూ అంతే రెట్లు.

పిట్‌కి చేరగానే బాడీ పైకెత్తి ఆనుకర్ర పెడతారు. కర్ర నిలిచిందని చేత్తో ఊపి చూసుకున్నాకే తల లోపల పెట్టండి. కారును స్టాండ్ల మీదకి ఎత్తుతారు, మొదట ఎనిమిది ప్లగ్గులూ బయటికొస్తాయి. ఎడమ వైపు ముందు నుంచి వెనక్కి 1, 3, 5, 7, కుడి వైపు 2, 4, 6, 8. ట్రేలో రంధ్రాలకు అవే అంకెలు. క్రూ చీఫ్‌కు ప్లగ్గంటే ఆ సిలిండరు రాసిన ఉత్తరం. పక్క స్ట్రాప్ (ప్లగ్గు చివర వంగి ఉండే లోహపు ముక్క) కొస కాలి పొట్టిబడితే ఆ సిలిండరు వేడెక్కింది. పింగాణీ మీద వెండి నలకలు మెరిస్తే పిస్టన్ అల్యూమినియం కరగడం మొదలైంది. తడిగా, మెరుగ్గా, అప్పుడే కొన్నట్టు ఉంటే అది వెలగనే లేదు. 5, 6 తారుమారు చేసి పెట్టారంటే ఆయన బాగున్న సిలిండరుకు ఇంధనం పెంచి, మాడుతున్నదాన్ని అలాగే వదిలేస్తాడు. తర్వాతి రౌండులో పిస్టన్‌కు చిల్లి పడితే తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియదు. ఎనిమిది సిలిండర్లంటే ఎనిమిది వేరు వేరు ఇంజన్లు అనుకోండి, ఏ ఇంజన్ సామాను ఆ ఇంజన్‌దే.

ప్లగ్గు రంధ్రాల్లోంచి లీక్-డౌన్ పరీక్ష చేస్తారు. పిస్టన్‌ను కంప్రెషన్ చివర పైకి తెచ్చి 100 పి.ఎస్.ఐ. గాలి పంపి ఎంత శాతం కారిపోతోందో గేజీలో చూడటం. అంకెకన్నా శబ్దం ఎక్కువ చెబుతుంది. గాలి పైన ఇంజెక్టర్ హ్యాట్ (బ్లోయర్ మీద గాలి లోపలికెళ్లే మూతి) లోంచి బుసకొడితే ఇంటేక్ వాల్వు, హెడర్ (పొగ గొట్టం) లోంచి వస్తే ఎగ్జాస్టు వాల్వు, బ్రీదర్ (ఇంజన్ అడుగు భాగం గాలి వదిలే గొట్టం) లోంచి వస్తే రింగులు, పక్క సిలిండర్ ప్లగ్గు రంధ్రంలోంచి వస్తే రాగి హెడ్ గాస్కెట్ కాలిపోయింది.

ఇక వాల్వ్ లాష్, అంటే వాల్వు కొసకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య వదిలే ఖాళీ. కొత్తవాళ్లకు తరచూ ఇచ్చే పని క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) తిప్పడం. పుల్లీ మీద తొంభై డిగ్రీలకొకటి చొప్పున నాలుగు గీతలుంటాయి. ఒకటో సిలిండర్ దగ్గర మొదలుపెట్టి 1-8-4-3-6-5-7-2 వరసలో ఒక్కో గీత జరుపుకుంటూ పోతే రెండు చుట్లలో ఎనిమిదీ అయిపోతాయి. మీరు తిప్పుతారు, పై మనిషి ఫీలర్ గేజీ పెడతాడు, మరొకరు అంకె రాస్తారు. గీత దాటిపోతే కాస్త వెనక్కి తోసి సరిపెట్టకండి, "దాటింది" అని చెప్పండి. ఎవరూ ఏమీ అనరు.

లాష్‌ను సరిచేయడం చిన్న పని, అది ఎటు మారిందో చూడటమే అసలు పని. ఖాళీ పెరిగితే పుష్‌రాడ్ వంగిందేమో, రాకరుకు ఏమైందో చూడాలి. ఖాళీ తగ్గిందంటే వాల్వు తల వేడికి సాగి తామరపువ్వులా లోపలికి వంగుతోంది, లేదా సీటు దిగిపోతోంది. ఎగ్జాస్టు వైపు ఇదే ఎక్కువ. పది థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) తగ్గిన వాల్వును మళ్లీ ఖాళీ పెట్టి పంపేస్తే తర్వాతి పరుగులో తల ఊడి పిస్టన్ మీద పడుతుంది. ఇంకొక మెలిక: బ్లాకూ హెడ్డూ అల్యూమినియం, పుష్‌రాడ్లు ఉక్కు. అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి వేడి మీద కొలిస్తే ఖాళీ ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి వేడి మీద, ఒకసారి చల్లబడ్డాక కొలిచి పోల్చడం పనికిరాదు. ప్రతిసారీ పరుగయ్యాక ఒకే సమయానికి కొలవాలి.

ఈలోగా కింద వేరే ప్రపంచం. నూనె ప్రతి పరుగుకూ మార్చాల్సిందే. రింగుల పక్క నుంచి దిగిన ఇంధనం 70 వెయిట్ నూనెను కూడా నీళ్లచారు చేసేస్తుంది. పాత నూనెను శుభ్రమైన బకెట్లో పట్టండి. మురికి బకెట్లో పడితే అందులోని నలక ఈ పరుగుదో పోయిన నెలదో చెప్పలేం. అయస్కాంతానికి అంటుకున్నది ఉక్కు, అంటుకోని తెల్లటి తునక అల్యూమినియం, వేలితో నలిపితే నలిగే బూడిదరంగు పొర బేరింగుది. రాగి రంగు కనిపిస్తే బేరింగు పై పూత అయిపోయి లోపలి లోహం తేలిందని.

ఆయిల్ పాన్ దించాక రాడ్ బేరింగులు. మండే ఒత్తిడి పిస్టన్‌ను కిందికి తోస్తుంది కాబట్టి రాడ్‌లో పైచిప్ప దెబ్బ తింటుంది, క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగులో కిందిచిప్ప. అంచుల్లోంచి లోహం పిండి ఉబికినట్టుంటే ఆ సిలిండరు డెటొనేట్ అయింది, అంటే ఇంధనం వరసగా కాలకుండా ఒక్కసారిగా పేలింది. అప్పుడు అదే అంకె ప్లగ్గు దగ్గరికి వెళ్లి చూడాలి, రెండూ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే ఎవరో ట్రే కలిపేశారు! బేరింగు క్యాపులు కూడా అంకెల ప్రకారమే, తిప్పి బిగించకూడదు. బిగించే మనిషి ఒక్కరే ఉండాలి, బిగించిన ప్రతి బోల్టు మీదా మార్కరు గీత పడాలి. సగం బిగించినప్పుడు ఎవరైనా పలకరిస్తే ఆ క్యాపు మళ్లీ మొదటి నుంచి. పానా పట్టినవాడితో మాట్లాడకపోవడం పిట్‌లో మర్యాద కింద లెక్క. అల్యూమినియం రాడ్లు పరుగు పరుగుకూ సాగుతాయి కాబట్టి ఏ రాడ్ ఎన్ని పరుగులు చేసిందో పుస్తకంలో ఉండాలి, చూడ్డానికి బాగుందన్నది లెక్కలోకి రాదు.

క్లచ్చే నా దృష్టిలో ఈ కారుకు మెదడు. గేర్లు మార్చి వేగం పెంచే కారు కాదిది. ఇంజన్‌కూ చక్రాలకూ మధ్య పొరలు పొరలుగా డిస్కులు, వాటి నడుమ ఫ్లోటర్లనే ఉక్కు బిళ్లలు జారుతూ జారుతూ చివరికి గట్టిగా పట్టుకుంటాయి. చుట్టూ మీటలకు బిగించిన చిన్న బరువులు ఇంజన్ వేగంతో బయటికి విసిరి ఒత్తిడి పెంచుతాయి. బరువు గ్రాముల్లో ఎక్కువైతే క్లచ్ తొందరగా పట్టేసి టైరు జారుతుంది, లేదా మడతలు పడి కారంతా దడదడలాడుతుంది. దాన్నే టైర్ షేక్ అంటారు. డ్రైవరుకు కళ్ల ముందు దారి కనపడనంతగా ఊగుతుంది. బరువు తక్కువైతే క్లచ్ జారుతూనే ఉంటుంది, ఇంజన్ ఊరికే అరుస్తుంది, డిస్కులు ఎర్రగా కాగి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

క్లచ్ క్యాన్, అంటే దాని చుట్టూ ఉండే డబ్బా, విప్పేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ నల్లటి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. డిస్కులు వచ్చిన వరసలోనే పేర్చి, ప్రతిదాన్నీ చుట్టూ నాలుగు చోట్ల మైక్రోమీటరుతో కొలిచి రాస్తారు. నాలుగు అంకెలూ ఒకటి కాకపోతే అది గొడుగులా వంకరపోయింది. ఫ్లోటరు మీద నీలం మచ్చలు వేడి ఎక్కడ కూడిందో చూపిస్తాయి. కొత్త దొంతర మొత్తం ఎత్తు పాతదానికి సరిగ్గా సరిపోవాలి. కొన్ని థౌ తేడా వచ్చినా లైను మీద కారు వదిలే తీరు మారిపోతుంది, డ్రైవరేమో ట్రాక్‌ను తిడతాడు. కొలిచే పని మీకిస్తే సంతోషించండి, నమ్మకం లేనివాళ్లకు అది ఇవ్వరు.

బ్లోయర్ దగ్గర పని తక్కువే, జాగ్రత్త ఎక్కువ. రోటర్ అంచుల్లో టెఫ్లాన్ పట్టీలుంటాయి. అరిగితే గాలి వెనక్కి కారి ఒత్తిడి పడిపోతుంది. బెల్టు పళ్ల మొదట్లో పగుళ్లున్నాయా, అంచున నూలు లేచిందా అని వేలితో తడిమి చూడండి. పుల్లీ లెక్క సులువు: కింద 60 పళ్లు, పైన 50 ఉంటే 1.2, అంటే బ్లోయర్ క్రాంక్ కన్నా 20 శాతం వేగంగా తిరుగుతుంది. బ్లోయర్‌ను కట్టిపడేసే పట్టీలు ఊరికే అలంకారానికి కాదు. మ్యానిఫోల్డులో పోగైన ఇంధనపు ఆవిరి అంటుకుంటే అది పైకి లేచిపోతుంది. పట్టీలకు గడువు తేదీ ఉంటుంది, ఇన్‌స్పెక్టరు ముందుగా చూసేది దాన్నే.

ఇంధనం కలపడం మొదటి వారాంతంలో మీ చేతికి రాదు. పక్కన నిలబడి చూసేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. పది గ్యాలన్ల 90 శాతం మిశ్రమానికి 9 గ్యాలన్ల నైట్రో, 1 గ్యాలన్ మిథనాల్. దాన్ని 88కి దించాలంటే నైట్రో తీయరు, మిథనాల్ పోస్తారు: 9ని 0.88తో భాగిస్తే 10.23, అంటే ఇంకా 0.23 గ్యాలన్, సుమారు 29 ఔన్సులు. శాతం చూసేది హైడ్రోమీటరుతో. దాని గీతలు 68 డిగ్రీల ఫారన్‌హీట్‌కు కొట్టినవి. డబ్బా ఎండలో ఉండి 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే ద్రవం పలచబడి దాదాపు 4 శాతం తక్కువగా చూపిస్తుంది. అది నిజమనుకుని నైట్రో కలిపితే 90 అనుకున్నది 94 అవుతుంది, మిగతా కథ పిస్టన్లు చెబుతాయి. అందుకే థర్మామీటరు లేకుండా హైడ్రోమీటరు ముట్టుకోరు, డబ్బాలు నీడలోనే ఉంచుతారు. ఇంకొకటి, ఇంధనం డబ్బాలనూ గొట్టాలనూ అమోనియా కలిసిన లేదా కాస్టిక్ ద్రావణాలతో ఎప్పుడూ కడగకూడదు. అమీన్లూ గాఢ క్షారాలూ నైట్రోమీథేన్‌ను సులువుగా పేలేలా చేస్తాయి.

కార్బురేటర్ తెలిసినవాళ్లు తడబడే చోటు జెట్, అంటే ఇంధనాన్ని కొలత ప్రకారం వదిలే చిల్లి ముక్క. ఇక్కడి మెయిన్ జెట్ ఉండేది ట్యాంకుకు తిరిగి వెళ్లే దారిలో. జెట్ పెద్దదైతే ఎక్కువ ఇంధనం వెనక్కి పోతుంది, ఇంజన్‌కు తక్కువ అందుతుంది. మోటర్‌సైకిల్ బుద్ధితో "కొంచెం రిచ్ చేద్దాం" (ఇంధనం పెంచుదాం) అని పెద్ద జెట్ వేస్తే ఇంజన్ కాలిపోతుంది. అందుకే జెట్ చేతికిచ్చేవాడు అంకె పైకి చదువుతాడు, వేసేవాడు తిరిగి చదువుతాడు.

అన్నీ బిగించాక వార్మప్. వెనక చక్రాలు నేలకు తాకకుండా స్టాండ్ల మీద ఉండాలి, డ్రైవరు సీట్లో ఉండి బ్రేకు పట్టాలి, కారు ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు. మాగ్నెటో ఆపి ఉంచి, బ్లోయర్ ముందు తగిలించే స్టార్టరుతో తిప్పి, ఆయిల్ ప్రెషర్ వచ్చిందని గేజీ దగ్గరి మనిషి చెయ్యెత్తాకే స్విచ్ వేస్తారు. సీసాతో హ్యాట్‌లోకి కొంచెం చిమ్మితే అంటుకుంటుంది, నిలకడయ్యాక ఇంధనం తెరుస్తారు. ఎనిమిది హెడర్లనూ కళ్లు తిప్పకుండా చూడాలి. ఒక గొట్టంలోంచి తెల్లటి తడి పొగ వస్తుంటే ఆ సిలిండరు వెలగడం లేదు, వెంటనే ఆపించాలి. చాలా బ్లాకుల్లో నీళ్లుండవు కాబట్టి ఇంజన్ ఎంతసేపు తిరిగిందో ఒకరు గడియారం చూస్తూనే ఉంటారు. చెవుల్లో ప్లగ్గులు, వాటిపైన మఫ్‌లు, రెండూ పెట్టుకోండి. నైట్రో పొగ కళ్లనూ గొంతునూ ఉల్లిపాయలు నూరినట్టు మండిస్తుంది, కార్ట్రిడ్జి మాస్కు కావాలి, గుడ్డ మాస్కు ఆనదు.

ఆ మధ్యలో పారాషూట్లు మడవడం, వెనక టైర్ల గాలి చూడటం. ఆ పెద్ద స్లిక్కుల్లో (గాడులు లేని టైర్లలో) ఉండేది ఆరేడు పి.ఎస్.ఐ. మాత్రమే, అర పౌండు తేడా కూడా తేడానే. నీడలో ఒక టైరు, ఎండలో ఒకటి ఉంచి గాలి సరిచూస్తే లైను దగ్గరికి వెళ్లేసరికి రెండూ ఒకలా ఉండవు.

స్టేజింగ్ లేన్లో, అంటే వంతు కోసం ఆగే వరసలో, ఎర్ర రిబ్బన్లు లెక్కపెట్టే పని కొత్తవాళ్లకు అప్పగిస్తారు. పారాషూట్ల పిన్నులకూ, మంటలార్పే సీసాల పిన్నులకూ ఒక్కో రిబ్బను ఉంటుంది. ఇంజన్ స్టార్టు కాకముందే అవన్నీ మీ చేతిలో ఉండాలి, ఎన్ని ఉండాలో మీకు తెలిసి ఉండాలి. ఒకటి తక్కువైతే సిగ్గుపడకుండా ఆపండి.

బర్నౌట్ (టైర్లు వేడెక్కేలా జారుస్తూ ముందుకి ఉరకడం) అయ్యాక కారు రివర్సరుతో, అంటే వెనక గేరుతో, వెనక్కి వస్తుంది. డ్రైవరుకు వెనక ఏమీ కనపడదు. ముందు నిలబడిన మనిషి చేతులతో నడిపి, బర్నౌట్‌లో టైర్లు వేసిన నల్లటి గీతల మీదికే తేవాలి. గీత పక్కకి ఆరంగుళాలు జరిగినా పట్టు వేరు. ఆలోగా ఒకరు వంగి కింద చుక్కలేమైనా పడుతున్నాయా చూస్తారు. ఇంజన్ కింద కారిన నూనెను పట్టే డయాపర్ ఉన్నా నూనె ట్రాక్ మీద పడితే అందరి పరుగులూ ఆగిపోతాయి, అలాంటి టీమ్‌ను ఎవరూ మెచ్చుకోరు. బాడీ గొళ్లాలు రెండు వైపులా పడ్డాయని చేత్తో తట్టి చూసి, డ్రైవరుకు బొటనవేలు చూపించి, గోడ వెనక్కి వచ్చేయాలి. ఆ తర్వాత మూడు పసుపు దీపాలూ ఒకేసారి వెలుగుతాయి, 0.4 సెకన్లకు పచ్చ.

ఒక పక్కమాట. ఫమోసోలో ఎందుకింత పాతకాలపు మమకారం అంటే, 1957లో ఎన్.హెచ్.ఆర్.ఏ. నైట్రోను నిషేధించింది, 1963 దాకా ఆ నిషేధం సాగింది. ఆ కాలంలో, 1959లో, స్మోకర్స్ అనే స్థానిక కార్ క్లబ్ ఇక్కడ నైట్రో కార్లను పిలిచి పోటీ పెట్టింది. ఫ్లోరిడా నుంచి రేసర్ డాన్ గార్లిట్స్ వచ్చాడు, గెలిచింది మరో రేసర్ ఆర్ట్ క్రిస్మన్. అదే మార్చ్ మీట్‌గా నిలిచింది. 1992లో మొదలైన పాత రేసు కార్ల వేడుక హాట్ రాడ్ రీయూనియన్‌కు కూడా ఇదే ట్రాక్ ఇల్లు. అక్కడ రాత్రిపూట పాత ఫ్రంట్-ఇంజన్ డ్రాగ్‌స్టర్లను (డ్రైవరు ముందు ఇంజన్ ఉండే పొడవాటి రేసు కార్లను) నడపకుండా ఊరికే మోగిస్తారు, క్యాకిల్‌ఫెస్ట్ అంటారు. వాటికి స్టార్టరు ఉండదు. వెనక నుంచి ట్రక్కుతో తోసి, వేగం వచ్చాక క్లచ్ వదిలి, ఆయిల్ ప్రెషర్ లేచాక ఇంధనం తెరిచి, చివర్లో మాగ్నెటో వేస్తారు. వరస మారిస్తే పైన చెప్పిన హైడ్రాలిక్ గొడవే. ఒకసారి తప్పక చూడండి, పైన చెప్పిన వరసంతా ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సినవి: నూలు ఫుల్ ప్యాంటు (నైలాన్ వద్దు, కరిగి ఒంటికి అంటుకుంటుంది), వేళ్లు మూసిన తోలు బూట్లు, నైట్రైల్ గ్లోవ్స్ ఒక పెట్టె, వేడి హెడర్లకు తోలు గ్లోవ్స్, మార్కరు పెన్ను, చిన్న నోటు పుస్తకం. ఉంగరం, గొలుసు, చేతి కడియం కారులోనే వదిలేయండి. మార్చిలో పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, కాబట్టి చొక్కా మీద ఇంకొకటి. పర్సు, ఫోను పై జేబులో పెట్టుకోవద్దు. విప్పి ఉన్న ఇంజన్ మీద వంగినప్పుడు జేబులోంచి జారింది ఏదైనా సరే, అది దొరికేదాకా ఆ ఇంజన్ మూయరు.